ప్రేమ విందుకు ఏమి తెద్దాం?



కొరింథు సంఘం కలిసి భోజనం చేసేది. అయితే ఒకరు ముందే కడుపునిండా తిని తాగి మత్తులో ఉంటే, మరొకరు ఆకలితో మిగిలేవారు. అందుకే పౌలు 1 కొరింథీ 11వ అధ్యాయంలో, ఒకరి కోసం ఒకరు ఆగమన్నాడు. డొంకూరు వంటి ఊళ్లో ఆ మాట విలువ తెలుస్తుంది. వేటకెళ్లిన సహోదరుడు ఎప్పుడు ఒడ్డుకొస్తాడో సముద్రమే చెప్పాలి! ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు వేట నిషేధం. ఆ రోజుల్లో ఆ ఇంటినుండి కూర రాలేదని లెక్కలు చూడకండి.

ఇంకొక సంగతి. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో డయాలసిస్‌కు వెళ్లే ప్రియులు మన పక్కనే కూర్చుంటారు. ఉప్పు, పొటాషియం తగ్గించమని వైద్యులు వారికి చెబుతారు. మనం ముచ్చటపడి తెచ్చే ఎండుచేపల కూర, ఆవకాయ, చివరికి మన తోటల కొబ్బరినీళ్లు కూడా వారికి కీడు చేయవచ్చు. నీళ్లకూ కొలత ఉంటుంది. "ప్రార్థన చేశాంలే, ఒక్క ముద్ద తినండి" అని బలవంతపెట్టడం విశ్వాసమూ కాదు, ప్రేమా కాదు.

అమ్మలారా, ఎవరికి ఏది పడదో ముందురోజే ఆ ఇంటివారిని అడగండి. ఉప్పు వేయకముందే ఒక గిన్నెడు కూర తీసి, మూతపెట్టి తెండి. రోగుల పంక్తి అని మాత్రం వేరుగా వేయకండి. అందరి వరుసలోనే కూర్చోబెట్టి, ఆ గిన్నెలోది నెమ్మదిగా వడ్డించండి.