ఊరు విడుచుటకు ముందు
(కొండగట్టు దిగువన గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



అంజన్న సన్నిధికి ఒక్కసారియైనను రాని కుటుంబము ఈ ప్రాంతమున అరుదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కుల నుండి వచ్చువారిలో మొక్కు తీర్చుకొనువారు కొందరు. దేశము విడుచుటకు ముందు దండము పెట్టుకొని పోవువారు మరికొందరు. ఈ రెండవ వారిని గురించియే నేడు మేము మాట్లాడదలచినాము. వారి సంచిలో పాస్‌పోర్టు ఉండును, వీసా ఉండును. నేర్చిన పనికి సాక్ష్యమగు కాగితము మాత్రము చాలమంది వద్ద ఉండదు. ఆ లోటు నెలనెలా జీతములో కనబడును.

ముందుగా ఇంటి దగ్గరి సంగతి. సిరిసిల్లలో మరమగ్గముపై పనిచేయు కార్మికునికి నేసినదానిని బట్టి కూలి. యజమాని నూలు ఇచ్చును, ఆసామి మగ్గములు నడపించును, కార్మికుడు నేయును. చాలకాలము ఇచ్చట విస్తారముగా నేసినది సాదా పాలిస్టరు గుడ్డ. అట్టి గుడ్డ అనేకచోట్ల తయారగును గనుక, కూలి పెంచుమని అడుగు బలము నేసినవానికి తక్కువ. 2017లో ప్రభుత్వము బతుకమ్మ చీరల పథకమును ప్రారంభించినది. చీరకు అంచు కావలెను. అంచుకు డాబీ గాని జకార్డు గాని కావలెను. వానిని మగ్గమునకు అమర్చి నడపుట నేర్చిన చేతులకు పని దొరికినది. అయితే 2024 ఆరంభమున ఆర్డర్లు లేక మగ్గములు ఆగినప్పుడు ఆ నేర్చిన చేతులే ఖాళీగా ఉండవలసి వచ్చినది. కొనువాడు ఒక్కడే అయినచోట నేర్పు ఒక్కటే అన్నము పెట్టదు. ఈ మాట దాచి చదువు మహిమను పొగడుట మాకు ఇష్టము లేదు.

అగ్గిపెట్టెలో ఇమిడెడి చీరను నేసిన నల్ల పరంధాములు గారిది ఈ సిరిసిల్లయే. ఆయన కుమారుడు విజయ్ గారును ఆ విద్యను నిలిపినారు. అట్టి ఊరిలో ఇరువది ఏండ్లు మగ్గము నడపి, చెడిన మగ్గమును తానే బాగుచేయగలవాడు బ్రతుకుతెరువుకై గల్ఫు వెళ్ళినచో, కాగితములలో అతడు 'హెల్పరు' మాత్రమే! బీడీలు చుట్టు తల్లుల స్థితియు ఇట్టిదే. వేయి బీడీలకు ఇంత అను కూలిలో ఎన్ని ఏండ్ల అనుభవమునకైనను వేరే విలువ లేదు. ఆ పని తన కుమార్తెకు వద్దని కోరు తల్లిని ఎవరు తప్పుపట్టగలరు?

ఇప్పుడు గల్ఫు మాట. ఒకే ఊరి నుండి ఇద్దరు యువకులు బయలుదేరినారని ఊహింపుడు. ఇద్దరికిని కరెంటు పని తెలియును. ఒకడు ఐ.టి.ఐ. చదివి ఎలక్ట్రీషియనుగా ఒప్పందము వ్రాయించుకొన్నాడు. రెండవవాడు ఊరిలో చూచి నేర్చినవాడు. లేబరు వీసాపై పోయినాడు. అక్కడ ఇద్దరిచేతను ఒకే పని చేయింపవచ్చును, కాని ఒప్పందములో వ్రాసిన పని పేరును బట్టియే జీతము నిర్ణయమగును. ఇక ఆజాద్ వీసా అని నమ్మి పోయినవానికి చెప్పుకొనుటకు సరియైన యజమానియే ఉండడు.

అప్పు లెక్క కూడ చూడుడు. లక్ష రూపాయలు నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చినచో నెలకు 2,000, రెండేండ్లకు 48,000 రూపాయలు మిత్తికే పోవును. అసలు అట్లే ఉండును. రిజిస్టరైన ఏజెంటు తీసికొనదగిన సేవా రుసుము 30,000 రూపాయలకు, దానిపై జి.ఎస్.టి.కి మించరాదని నిబంధన కలదు. అంత మాత్రమే ఇచ్చి రసీదు పుచ్చుకొనిన కుటుంబములు మీ ఊరిలో ఎన్ని? మీరే ఎరుగుదురు.

పదవ తరగతి విషయమున ఒక చిక్కు ఉన్నది; దీనిని కొంచెము నిదానముగా వినవలెను. 1983 నాటి వలస చట్టము క్రింద, పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు గల్ఫు మొదలగు 18 దేశములకు పనికై పోవలెనన్న సాధారణముగా వలస సంరక్షణాధికారి అనుమతి పొందవలెను. అప్పుడు ఒప్పందము పరిశీలనకు వచ్చును. 10 లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీయు తప్పనిసరి. పదవ తరగతి ఉత్తీర్ణునికి ఆ అనుమతి అక్కరలేదు. అతడు నేరుగా విమానము ఎక్కవచ్చును. అనగా ఆ సర్టిఫికెట్టు ఒక తలుపును తెరచుచున్నది, ఒక కాపలాను తొలగించుచున్నది. పదవ తరగతితో ఆగి, ఏ పనియు నేర్వక, లేబరుగా పోవు బాలునికి రెండు విధములను నష్టమే. పదవ తరగతి గడప మాత్రమే. దాని తరువాత చేతిపని ఒకటి ఉండవలెను. ఇటీవలి కాలమున సౌదీ అరేబియా కొన్ని వృత్తులవారికి మన దేశముననే నైపుణ్య పరీక్ష పెట్టుచున్నది. ప్లంబరు, వెల్డరు, ఎలక్ట్రీషియను వంటి పనులు ఇందులో ఉన్నవి. కాగితము లేని నేర్పుకు దారి ఇంకను ఇరుకగునని మా అభిప్రాయము.

ఈ కొండకు చేరువనే నాచుపల్లిలో 2007 నుండి జె.ఎన్.టి.యు. ఇంజనీరింగు కళాశాల నడచుచున్నది. సంతోషము. కాని ఆ గేటు ముందు నుండి బస్సులో హైదరాబాదు విమానాశ్రయమునకు పోవు మన పిల్లలలో అనేకులకు కావలసినది ఇంజనీరు పట్టము కాదు; ఒకటి రెండేండ్ల ఐ.టి.ఐ. శిక్షణ. ఊరి పెద్దలు మొదటిదానిని గొప్పగా, రెండవదానిని చిన్నగా చూచుట మేము అనేకచోట్ల గమనించినాము. వెల్డింగు నేర్చిన కుర్రవానిని ఐ.టి.ఐ. వాడే కదా అని తీసివేయు పెద్దమనిషి ఇంటి గేటును వెల్డింగు చేసినది ఎవరో!

ఇక మీ చేతిలోని పని. ప్రతి వార్డు సభ్యుడును తన వార్డులో పదవ తరగతి ముగియక మునుపే బడి మానినవారి పేర్లు వ్రాయవచ్చును. 14 ఏండ్లు నిండినవారు ఓపెన్ స్కూలు ద్వారా పదవ తరగతి పరీక్ష వ్రాయుటకు వీలున్నది. తాపీ, వడ్రంగము, కరెంటు పని ఇదివరకే తెలిసినవారికి, ఉన్న నేర్పును పరీక్షించి సర్టిఫికెట్టు ఇచ్చు ఏర్పాటు 2015లో ఆరంభమైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో చేర్చబడినది. జిల్లాలో అట్టి పరీక్ష ఎప్పుడు, ఎచ్చట జరుగునో ఉపాధి కార్యాలయమున విచారింపుడు. విదేశమునకు పోవువాని ఒప్పందమును చదువు తెలిసిన సభ్యురాలు గాని సభ్యుడు గాని అతని ఇంటివారి యెదుట తెలుగులో చదివి వినిపింపవలెను. పని పేరు, జీతము, పని గంటలు, సెలవు, తిరుగు టికెట్టు: ఈ అయిదును వినిపించిన చాలును. నకలు ఒకటి ఇంట ఉంచి పొమ్మనుడు.

పేర్ల పట్టికను మాత్రము వేసవిలోనే సిద్ధపరచుడు. ఓపెన్ స్కూలు ప్రవేశములకు గడువు ఉండును. గడువు దాటినచో ఆ పిల్లవానికి మరియొక సంవత్సరము పోవును. ఆ సంవత్సరములోనే ఏజెంటు ఇంటికి వచ్చును.