బరువు తగ్గించే ఆపరేషన్ - ఒప్పుకునే ముందు అడగాల్సినవి

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం లీడరు చేసిన ప్రసంగం)



పొదుపులు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి గురించి నా ముందు మాట్లాడినవాళ్లు వివరంగా చెప్పారు. నేను ఆరోగ్యం గురించి చెబుతాను. నేను డాక్టర్ని కాదు, పదో తరగతి చదివినదాన్ని. ఈ ఏడాది మా సంఘానికి వచ్చిన ఒక అప్పు దరఖాస్తు వల్ల ఈ విషయాలు తెలుసుకోవాల్సి వచ్చింది.

మా సభ్యురాలు ఒకామె బరువు తగ్గించే ఆపరేషన్‌కి అప్పు అడిగింది. మీటింగులో వెంటనే వచ్చిన మాట, "నోరు కట్టుకుంటే పోయేదానికి ఆపరేషన్ ఎందుకు?" అని. ఇంకొకరు "అందం కోసం అప్పు ఇవ్వాలా?" అన్నారు. ఆమె 104 కిలోలు. షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. రాత్రి నిద్రలో ఊపిరాడక లేచి కూర్చుంటుంది. తిండి తగ్గించి ఎన్నిసార్లు బరువు తగ్గినా మళ్లీ వచ్చేసింది. అందుకని తీర్మానం వాయిదా వేసి, ఇద్దరం ఆమెతో పాటు ఆస్పత్రికి వెళ్లి అడిగాం.

డాక్టరు చెప్పింది ఏంటంటే, ఇంత ఎక్కువ బరువు బద్ధకం కాదు, జబ్బు. బరువు తగ్గగానే ఒళ్లు ఆకలి పెంచుతుంది, ఖర్చు చేసే శక్తిని తగ్గిస్తుంది. అందుకే పోయిన బరువు తిరిగొస్తుంది. వంశం, కొన్ని మందులు, థైరాయిడ్ కూడా కారణం కావచ్చు. ఇది ఒక్కరి సంగతి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 100 మంది ఆడవాళ్లలో 36 మంది ఉండాల్సినదానికంటే ఎక్కువ బరువున్నారు. అయితే వాళ్లందరికీ ఆపరేషన్ అక్కర్లేదు.

ఎవరికి అవసరమో చూడటానికి బీఎంఐ అనే లెక్క ఉంది. బరువు కిలోల్లో తీసుకుని, ఎత్తుని మీటర్లలో రెండుసార్లు గుణించిన అంకెతో భాగించాలి. మా సభ్యురాలి ఎత్తు 1.52 మీటర్లు. లెక్క వేస్తే 45 వచ్చింది. మన దేశంలో ఇన్సూరెన్స్ నియమాల్లో 40 దాటినవాళ్లకి, లేదా 35 దాటి అదుపులో లేని షుగరు, గుండె జబ్బు, నిద్రలో ఊపిరి ఆగడం లాంటివి ఉన్నవాళ్లకి, మిగతా దారులు పనిచేయనప్పుడే ఈ ఆపరేషన్‌కి డబ్బు వస్తుంది. మనలాంటి వాళ్లకి తక్కువ బరువులోనే షుగరు వస్తుంది కాబట్టి డాక్టర్లు అంతకంటే తక్కువ అంకె దగ్గర కూడా ఆలోచిస్తారు.

ఎక్కువగా చేసేవి రెండు రకాలు. స్లీవ్‌లో కడుపు ముప్పావు వంతు పైగా కోసి తీసేస్తారు. ఆకలి పుట్టించే హార్మోను తయారయ్యే భాగం చాలావరకు దాంతో పోతుంది. బైపాస్‌లో కడుపుని చిన్న సంచిలా చేసి పేగుకి కలుపుతారు. ఏడాది రెండేళ్లలో ఒంటి బరువులో పావు వంతు, అంతకంటే ఎక్కువ కూడా తగ్గుతుంది. చాలామందికి షుగరు మందులు తగ్గుతాయి, కొందరికి ఆగిపోతాయి.

ఇక రెండో వైపు వినండి. కుట్టు దగ్గర కారడం, రక్తం పోవడం, కాలి నరాల్లో రక్తం గడ్డకట్టడం లాంటి ప్రమాదాలు తక్కువే గానీ ఉన్నాయి. స్లీవ్ తర్వాత కొందరికి ఛాతీలో మంట పెరుగుతుంది. తీసేసిన కడుపు తిరిగి రాదు. కొన్నాళ్లు ద్రవాలు, ఆ తర్వాత మెత్తని తిండి, అదీ కొంచెం కొంచెం. గుడ్డు, పప్పు, పెరుగు ముందు తినాలి, అన్నం తర్వాతే. ఐరన్, బీ12, కాల్షియం, విటమిన్ డీ మాత్రలు బతికున్నంతకాలం వేసుకోవాలి, రక్తపరీక్షలు చేయించుకోవాలి. ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు గర్భం రాకుండా చూసుకోవాలి. జాగ్రత్త లేకపోతే బరువు కొంత తిరిగి వస్తుంది కూడా.

కాబట్టి అప్పు లెక్కలో ఆపరేషన్ ఖర్చే కాదు, ఏటా మాత్రల ఖర్చు, పరీక్షల ఖర్చు, పనికి పోలేని రోజుల కూలి కూడా రాయాలి. ప్రైవేటులో ఖర్చు లక్షల్లో ఉంటుంది. ఎన్టీఆర్ వైద్య సేవ కింద వస్తుందా అని వైద్యమిత్రని ముందే అడగాలి. "ఈ వారమే చేరితే డిస్కౌంటు" అని తొందరపెడితే ఆగండి. ఏటా ఎన్ని ఆపరేషన్లు చేస్తారు, డైటీషియన్ ఉన్నారా, తర్వాత ఎన్నేళ్లు చూస్తారు అని అడగండి. వేరే డాక్టర్ని కూడా కలవండి.

మా సభ్యురాలు ఇప్పుడు పరీక్షలు చేయించుకుంటోంది. చేయించుకోవాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. మా సంఘం మాత్రం ఒక తీర్మానం రాసుకుంది: ఇలాంటి దరఖాస్తుని గుండె ఆపరేషన్ దరఖాస్తులాగే చూడాలి, డాక్టరు కాగితాలు చూడాలి, తీర్చగలిగే వాయిదా చూడాలి. సభ్యురాలి ఒంటి మీద వ్యాఖ్యానం మినిట్స్‌లోనే కాదు, మీటింగులో కూడా ఉండకూడదు. మిగతా గ్రామ సంఘాలు కూడా ఇలా రాసుకోమని కోరుతున్నాను. తిండి, నడక, బీపీ షుగరు పరీక్షలు మనందరికీ ముందు మెట్టు. అవి పనిచేయని అక్కాచెల్లెళ్లకి దారి మూసెయ్యొద్దు.