బొక్కసము ఎవరిది?

పన్ను తగ్గినదన్న వార్త విని సంతోషింపని గృహస్థు ఎవరు? 2019 డిసెంబరులో పొరుగుదేశమైన శ్రీలంక ప్రభుత్వము విలువ ఆధారిత పన్నును 15 శాతమునుండి 8 శాతమునకు తగ్గించినది. బొక్కసపు లోటు ఎట్లు పూడునని హెచ్చరించిన వారి మాట చెల్లలేదు. అంతలో కరోనా వచ్చి యాత్రికుల రాక ఆగినది. 2021లో రసాయనిక ఎరువుల దిగుమతిని హఠాత్తుగా నిషేధించిరి. వరి దిగుబడి పడిపోగా, నవంబరులో ఆ నిషేధమును ఎత్తివేసిరి. 2022 ఏప్రిల్‌లో విదేశీ ఋణముల చెల్లింపు నిలిచినది. పెట్రోలుకు, వంటగ్యాసుకు బారులు తీరిన జనము అవినీతిపై ధ్వజమెత్తినది. జూలై 9న అధ్యక్ష భవనములో ప్రవేశించినది. అధ్యక్షుడు గోటబయ రాజపక్స దేశము విడిచిపోయి రాజీనామా ఇచ్చెను.

ప్రజలు కష్టమును ఓర్తురు. తమకు చెప్పక తమ నెత్తిన పెట్టిన కష్టమును ఓర్వరు. 2023 నవంబరులో ఆ దేశపు సుప్రీంకోర్టు, గోటబయ, ఆయన సోదరులు మహింద, బసిల్ మొదలగువారు ఆర్థిక పతనమునకు బాధ్యులనియు, ప్రజావిశ్వాసమును భంగపరచిరనియు తీర్పు చెప్పినది. అనగా, బొక్కసము ప్రజలది; పాలకుడు దానికి ధర్మకర్త మాత్రమే.

ఈ తీర్పు మనకును పాఠమే. ధర్మకర్తను లెక్క అడుగుట మన హక్కు. బొక్కసము వట్టిపోయి బారులలో నిలిచిన పిమ్మట అడిగిన ప్రయోజనమేమి? పన్ను తగ్గినదని సంతోషించిన నాడే అడుగవలెను.