పౌరసత్వం ఎప్పుడొస్తుంది?

అమెరికాలో ఉన్న మనవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది: "దరఖాస్తు పెట్టాం, పౌరసత్వం ఎప్పుడొస్తుంది?"

అది ఊరిని బట్టి ఉంటుందండీ. మీ ఇంటర్వ్యూ చేసేది మీ ప్రాంతపు ఇమ్మిగ్రేషన్ ఆఫీసు. ఒకచోట పని త్వరగా సాగుతుంది, మరోచోట నెలల తరబడి పడుతుంది. డల్లాస్‌లో బావగారికి వచ్చేసిందని న్యూజెర్సీలో మీరు కంగారు పడకండి.

ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఒక గడువు కనిపిస్తుంది చూశారూ, అది సగటు కాదు. పది దరఖాస్తుల్లో ఎనిమిది ఆలోపు తేలాయని దాని అర్థం. మిగతా రెండింటికీ అంతకంటే ఎక్కువే పట్టింది. కాబట్టి గడువు దాటగానే తిరస్కరించారని అనుకోవద్దు.

పౌరసత్వానికి సాధారణంగా గ్రీన్‌కార్డు వచ్చి ఐదేళ్లు నిండాలి. కానీ అవి నిండడానికి 90 రోజుల ముందే దరఖాస్తు పెట్టొచ్చు. ఆ 90 రోజులూ ఊరికే పోనివ్వకండి.

ఇల్లు మారితే పది రోజుల్లో కొత్త చిరునామా తెలపండి. ఇంటర్వ్యూ ఉత్తరం పాత ఇంటికి వెళ్లిందంటే ఆలస్యం ఇంకా పెరుగుతుంది.

ఇంటర్వ్యూ అయ్యాక 120 రోజుల్లో నిర్ణయం రాకపోతే ఫెడరల్ కోర్టుకు వెళ్లే హక్కు మీకుంది. ముందు లాయర్‌ను అడగండి.

మరో మాట. అమెరికా పౌరసత్వ ప్రమాణం చేశాక భారత పాస్‌పోర్టు చెల్లదు. ఓసీఐ కార్డు గానీ వీసా గానీ చేతికి వచ్చాకే ఇండియాకు టికెట్లు కొనుక్కోండి.