వరదకంటె ముందు కబురు

గ్రామ పంచాయతీ సభ్యులారా!

భద్రాచలమువద్ద గోదావరి 43 అడుగులకు చేరిన మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది జారీ యగునని మీరెరుగుదురు. 1986 ఆగస్టులో ఆ మట్టము 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరినది. మన ఊర చినుకు పడకున్నను ఎగువ ప్రాణహిత, ఇంద్రావతి పొంగిన చాలును, నీరు మన గడపకు వచ్చును. ఆ నీటిని ఆపుట మన వశము కాదు. నీటికంటె ముందుగా కబురు చేర్చుట మన వశమే. కేంద్ర జలసంఘము వారు పేరూరు మున్నగు ఎగువ స్థలములందు మట్టము కొలిచి సమాచార మందజేయుచున్నారు. అది కడపటి గూడెము దాక నడుచుటెట్లు? ఈ ప్రశ్నకు సముద్రశాస్త్రము చక్కని పాఠము చెప్పుచున్నది.

గాలిలో రేడియో తరంగము సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును. నీటిలో నది కొద్ది దూరముననే క్షీణించును. కనుక సముద్రపు టడుగున నుంచిన యంత్రములు ధ్వనితో మాటలాడవలెను. ధ్వని నీటిలో సెకనుకు సుమారు 1,500 మీటర్లు మాత్రమే పోవును. 3 కిలోమీటర్ల లోతునుండి కబురు పైకి వచ్చుటకు 2 సెకనులు పట్టును. 2004 డిసెంబరు 26 నాటి సునామీ పిమ్మట, 2007లో హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రమున హెచ్చరిక కేంద్ర మేర్పడినది. కడలి యడుగున నొక యంత్రము నీటి ఒత్తిడిని కొలిచి, ధ్వనితో పైనున్న తేలు యంత్రమునకు తెలుపును. అది ఉపగ్రహము ద్వారా తీరమునకు పంపును.

ఇట్టి యంత్రములు అనేకము నీటిలో నున్నప్పుడు కబురు ఒకదానినుండి మరియొకదానికి చేతులు మారుచు పైకి పోవలెను. అన్నియు ఒక్కసారి అరచిన ఏదియు వినబడదు, బ్యాటరీలు వ్యర్థమగును. అందుచే శాస్త్రజ్ఞులు కొన్ని నియమములు ఏర్పరచిరి. ఒక పద్ధతిలో ప్రతి యంత్రమును ఒత్తిడినిబట్టి తన లోతు తెలిసికొనును. పంపినదానికంటె పైనున్న యంత్రమే కబురందుకొని సాగించును; వేరొకటి సాగించినట్లు విన్నచో తాను మౌనము వహించును. భారమంతయు ఒక్కదానిపైనే పడిన దాని బ్యాటరీ ముందుగా నశించును గనుక పని పంచవలెను. పైన అందుకొను యంత్రమే లేని చోట కబురు చిక్కుకొనును. అట్టి చోటికి మారుదారి ముందే ఏర్పరచవలెను.

ఈ నియమములే మన ఊరికిని వర్తించును. పదిమంది పదివిధముల చెప్పిన అది పుకారగును. కావున మట్టమెంత, ఏ గంటకు, ఎవరు తెలిపిరి అను మూడు మాటలను మార్పులేక చెప్పుటకు ప్రతి గూడెమునకు ఒక మనిషి నేర్పరచుడు. అతడు పొలమునకో సంతకో పోవచ్చును. రెండవ మనిషిని కూడ నియమించుడు. కోయ భాషలో చెప్పగలవారు కావలసిన చోట అట్టివారినే ఎన్నుకొనుడు. కరెంటు పోయి ఫోను పలుకనిచో డప్పు చాటింపు, మోటారుసైకిలు, కాలినడక మారుదారులగును.

మరియొక ముఖ్య విషయము. గోదావరి ఊరిలోనికి రాకమునుపే వాగులలోనికి ఎదురెక్కి బాటలు ముంచును. అప్పుడు వాగవతలి గూడెమునకు పోవువాడుండడు. కనుక వాగు ఇవతలి ఊరికి దగ్గరనున్నదని దానికి ముందు చెప్పక, అవతలి గూడెమునకే మొదటి కబురు పంపుడు. "అందినది" అను మారుమాట వచ్చువరకు కబురు చేరినట్లు భావింపవలదు.

వచ్చు మృగశిర కార్తెకు ముందే గ్రామసభ కూర్చి, గూడెముల పేర్లు, ఒక్కొక్కదానికి ఇద్దరు మనుషులు, రెండు దారులు వ్రాసి పంచాయతీ కార్యాలయపు గోడపై అంటింపుడు. ఒకసారి వట్టి కబురు పంపి, కడపటి ఇంటికి ఎంతసేపటికి చేరినదో గడియారము చూచి వ్రాసికొనుడు. కొలత తీయుటకు యంత్రములు, అధికారులు కలరు. కడపటి ఇంటి తలుపు తట్టుటకు మీరే కలరు. ఆ తట్టుట ఆలస్యమైనచో ఎగువ జరిగిన శ్రమ యంతయు వృథా యగునని మనవి చేయుచున్నాము.