మాట్లాడని వాళ్ల మాట

  పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది త్వరలో తరగతి ముందు నిలబడతారు. కొందరు మహిళా సంఘాల్లో, రైతు సదస్సుల్లో, ఆఫీసుల్లో సమావేశాలు నడుపుతారు. ఉద్యోగం ఏదైనా, నలుగురిని కూర్చోబెట్టి మాట్లాడించే బాధ్యత మీ మీద పడక తప్పదు. దాని గురించే ఈ పూట మాట్లాడతాను.

అందరూ ఒకే తీరుగా నేర్చుకోరన్నది పాఠం చెప్పిన ప్రతివారికీ తెలిసిందే. అయితే ఆ తెలివిడిని శిక్షణ తరగతులు ఒక మూసలో పోశాయి. ఒకరు చూసి నేర్చుకుంటారు, ఒకరు విని, ఇంకొకరు చేసి. ఎవరి శైలి ఏదో కనిపెట్టి దానికి తగ్గట్టు బోధిస్తే సరిపోతుందన్నారు. 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ వాదానికి ఉన్న ఆధారాలను జల్లెడ పట్టారు. శైలిని బట్టి విడదీసి బోధిస్తే చదువు మెరుగవుతుందనడానికి తగిన రుజువు వారికి దొరకలేదు. మనుషులకు ఇష్టాయిష్టాలు లేవని దీని అర్థం కాదు. ఆ ఇష్టాలను బట్టి వాళ్లను గుంపులుగా విడగొడితే మేలు జరుగుతుందన్నది మాత్రం తేలలేదు. కాబట్టి చర్చ నడిపేవారు మనుషులకు ముద్రలు వేయడం మాని, చర్చ నడిచే పద్ధతిని మార్చాలని నా వాదన. ఎవరు నోరు విప్పుతారన్నది చాలావరకు ఆ పద్ధతే తేలుస్తుంది.

మామూలుగా జరిగేది చూడండి. ప్రశ్న అడుగుతాం. ముందు వరుసలో ఒక చెయ్యి లేస్తుంది, జవాబు వస్తుంది, మనం ముందుకు వెళ్లిపోతాం. మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యావేత్త 1970ల్లో తరగతి గదుల్లో రికార్డు చేసిన టేపులు విని, ప్రశ్న అడిగాక ఉపాధ్యాయులు ఆగేది సగటున ఒక సెకను మాత్రమేనని తేల్చారు. ఆ విరామాన్ని 3 సెకన్లకు పెంచితే జవాబులు పొడవయ్యాయి, జవాబే రాకపోవడం తగ్గింది, వెనకబడ్డారనుకున్న పిల్లలు కూడా మాట్లాడటం మొదలుపెట్టారు. పిల్లలు మారలేదు, వాళ్ల శైలీ మారలేదు. మారింది రెండు సెకన్ల మౌనమే. ఆ మౌనంలో ఒకరు గుర్తుచేసుకుంటారు, ఒకరు కాగితం మీద బొమ్మ గీసుకుంటారు, ఒకరు పక్కవారిని అడుగుతారు. ఎవరి దారి వాళ్లకు దొరుకుతుంది. అందుకే ముందు ఒక్క నిమిషం రాసుకోమనండి, తర్వాత ఇద్దరిద్దరుగా మాట్లాడుకోమనండి, ఆ తర్వాతే అందరి ముందుకూ రమ్మనండి.

ఇలా చేస్తే పొద్దు పోతుంది, సిలబస్ పూర్తి కాదు అంటారు. ఆ ఇబ్బంది నిజమే. కానీ వేగంగా ముగిసిన చర్చలో పోయేదేమిటో కూడా లెక్క వేయాలి. మనస్తత్వ శాస్త్రవేత్తలు గారోల్డ్ స్టాసర్, విలియం టైటస్ 1985లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక అభ్యర్థిని ఎంచుకోవాల్సిన బృందాలు అందరికీ ముందే తెలిసిన సంగతుల మీదే తిరిగాయి. ఒక్కొక్కరికే తెలిసిన సంగతులు సరిగా బయటికి రాక, మెరుగైన అభ్యర్థిని ఎంచుకోలేకపోయాయి. చురుకైనవాళ్లకు పగ్గాలిస్తే చాలునన్న వాదనా ఉంది. అయితే 2010లో పరిశోధకురాలు అనిటా వూలీ బృందం 699 మందిని చిన్న చిన్న జట్లుగా చేసి పరీక్షించింది. జట్టు పనితనానికి అందులోని అత్యంత తెలివైన వ్యక్తితో గట్టి సంబంధం కనిపించలేదు. మాట్లాడే వంతులు సమానంగా పంచుకున్న జట్లు మెరుగ్గా రాణించాయి. క్యాంపస్ ప్లేస్‌మెంట్ల గ్రూప్ డిస్కషన్ల కోసం మీరు నేర్చుకున్న మెళకువలు, అంటే ముందుగా అందుకోవడం, ఎదుటివారి మాటకు అడ్డం పడటం, ఇక్కడ పనికిరావు. వాటిని వదిలించుకోవడానికి కొంత సాధన కావాలి.

ఇదంతా విదేశీ ప్రయోగశాలల సంగతి అనుకోవద్దు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా కేంద్రాల్లో అక్షరాలు దిద్దుతున్న మహిళలు సారా మీద పాఠాన్ని తమ ఇళ్ల కథలతో కలిపి మాట్లాడుకున్నారు. పాఠం ఒక్కటే ఆ తర్వాత వచ్చిన సారా వ్యతిరేక ఉద్యమానికి కారణమని చెప్పలేం. వాళ్ల బాధ ఎప్పటి నుంచో ఉన్నదే. కానీ అది నలుగురిలో మాటగా మారడానికి ఆ కేంద్రాలు చోటిచ్చాయి. ఆ ఉద్యమంతో జిల్లాలోని దూబగుంట గ్రామం పేరు రాష్ట్రమంతా మారుమోగింది. 1993 అక్టోబరు 1 నుంచి అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం అమల్లోకి వచ్చింది. చదవడం రాని వాళ్లకు చర్చ చేతకాదనేవారికి ఇంతకన్నా వేరే జవాబు అక్కర్లేదు.

మౌనంగా ఉండేవాళ్లను బలవంతంగా ఎందుకు మాట్లాడించాలి అని అడిగితే, బలవంతం వద్దనే నేనూ అంటాను. వినడం కూడా పాల్గొనడమే. రాసిచ్చిన చీటీ కూడా మాటే. అయితే ఇష్టపడి ఊరుకోవడం వేరు, భయపడి ఊరుకోవడం వేరు. మన కాలేజీల్లో తెలుగు మీడియం నుంచి వచ్చిన అమ్మాయి తల వంచుకుని కూర్చుంటే, ఆమె శైలి అదేనని సర్దుకోవడం అన్యాయం. ఆమెకు విషయం తెలుసు. ఇంగ్లీషు వాక్యం కూడదీసుకునేలోపు చర్చ మరో విషయానికి పోతోంది. రేపు మీ ముందు అలాంటి అమ్మాయి కూర్చుంటే, ఆలోచన ఏ భాషలో వస్తే ఆ భాషలోనే మొదలుపెట్టమనండి. ఇంగ్లీషులోకి మార్చే పని తర్వాత అందరూ కలిసి చేసుకోవచ్చు.