మీ ఇంటి గుట్టు - మా బాధ్యత

(ఆరోగ్య కేంద్రంలో జరిగిన దంపతుల సమావేశంలో డాక్టరమ్మ చేసిన ప్రసంగం)



కాపర్-టి, మాత్రలు, నిరోధ్, ఆపరేషను - వీటి గురించి ఈ కేంద్రంలో మీరు చాలాసార్లు విన్నారు. ఈ రోజు వాటి సంగతి చెప్పబోవటం లేదు. వాటి గురించి అడగడానికి మీ గుమ్మంలోకి వచ్చే సర్వేవారి సంగతి చెబుతాను.

సర్వేవారు వస్తారు. పిల్లలెందరు, ఇంకా కావాలా, గర్భం రాకుండా ఏం వాడుతున్నారు, ఎప్పుడైనా గర్భం పోయిందా అని అడుగుతారు. వాళ్ళు వెళ్ళగానే అరుగుల మీద గుసగుసలు మొదలు. "మన సంసారం సంగతులు వాళ్ళకెందుకమ్మా?" అని ఒకరు. "రేపు పేపర్లో వేస్తారట" అని మరొకరు. ఈ భయాన్ని నేను తప్పు పట్టను. ఇంటి గుట్టు లంకకు చేటని పెద్దలు ఊరికే అనలేదు. అయితే ఆ గుట్టును కాపాడటానికి కొన్ని పద్ధతులున్నాయి. అవి మీకు తెలిస్తే, జవాబు చెప్పాలో వద్దో మీరే ధైర్యంగా నిర్ణయించుకోగలరు.

అసలు ఎందుకు అడుగుతారు?

మన దేశంలో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అని ఒకటుంది. కేంద్ర ఆరోగ్య శాఖ తరఫున ముంబయిలోని జనాభా అధ్యయన సంస్థ దీన్ని నడుపుతుంది. మొదటిసారి 1992-93లో జరిగింది. 2019-21లో జరిగినప్పుడు 6 లక్షల 36 వేలకు పైగా ఇళ్ళకు వెళ్ళారు. 7 లక్షల 24 వేల మంది ఆడవాళ్ళతో, లక్ష మందికి పైగా మగవాళ్ళతో మాట్లాడారు. ఎంతమంది ఏ పద్ధతి వాడుతున్నారు, వద్దనుకున్నా సాధనం అందనివారు ఎందరు, మధ్యలో ఎందుకు మానేశారు అన్న సంగతులు అలాగే తెలుస్తాయి.

"మరి మా ఇల్లే ఎందుకు?" అంటారా? మీ మీద అనుమానం ఉండి కాదు. లెక్కకు ఎంచుకున్న ప్రతి చోటా చీట్లు తీసినట్లుగా సుమారు 22 ఇళ్ళను ఏరుతారు. మీ ఇల్లు ఆ వంతులో పడింది, అంతే.

అత్తగారు అరుగు మీద ఉంటే...

ఒక ఇల్లు ఊహించుకుందాం. కోడలికి ఇద్దరు పిల్లలు. ఇప్పట్లో మరో కాన్పు వద్దని భార్యాభర్తలిద్దరూ అనుకుని కాపర్-టి వేయించుకున్నారు. అత్తగారికి మనవడు కావాలి, ఆమెకు ఈ సంగతి తెలియదు. సర్వే అమ్మాయి వచ్చి అడిగేసరికి అత్తగారు అరుగు మీదే చేటలో బియ్యం ఏరుతూ కూర్చుంది. కోడలు ఏం చెబుతుంది? "మేమేమీ వాడటం లేదండీ" అంటుంది. పాపం, అనక ఏం చేస్తుంది!

ఇలా పది ఇళ్ళలో జరిగితే లెక్కంతా తప్పుతుంది. పిండి కొద్దీ రొట్టె అన్నట్లు, మనం చెప్పే జవాబును బట్టే లెక్క. లెక్క తప్పయితే ఆ పద్ధతిని ఎవరూ కోరటం లేదని పైవాళ్ళు అనుకుంటారు. నష్టపోయేది మళ్ళీ మన ఆడపడుచులే.

అందుకే ఆడవారిని ఆడవారే, ఎవరూ వినకుండా అడగాలని ఈ సర్వేలో నియమం. కొన్ని ఇళ్ళలో మగవారినీ అడుగుతారు, కానీ వేరుగా. భార్య చెప్పింది భర్తకు గానీ, భర్త చెప్పింది భార్యకు గానీ చేరవేయకూడదు. ఇంట్లో కొట్టడం, తిట్టడం గురించిన ప్రశ్నలయితే ఇంకా జాగ్రత్త. ఇంటికి ఒక్క స్త్రీనే అడగాలి. ఆమె ఒంటరిగా ఉంటేనే అడగాలి. ఎవరైనా వస్తే అక్కడితో ఆపెయ్యాలి. ఆ మాట బయటికి పొక్కితే ఆమెకు మళ్ళీ దెబ్బలు తప్పవు గదా!

పేరు తీసేస్తే చాలదు

ఇంటి జాబితాలో పేర్లు రాసుకోవటం నిజమే. ఎవరిని అడగాలో తెలియటానికి, మళ్ళీ రావలసివస్తే ఇల్లు గుర్తుపట్టడానికి అవి కావాలి. కానీ పరిశోధకుల చేతికి వెళ్ళే లెక్కలో పేర్లుండవు, అంకెలే ఉంటాయి.

అయితే పల్లెటూళ్ళో పేరు తీసేస్తే సరిపోతుందా? "ఫలానా ఊళ్ళో ముగ్గురు ఆడపిల్లల తల్లి, కిందటేడు కాపర్-టి తీయించుకుంది" అంటే చాలు, ఆమె ఎవరో బావి దగ్గర అందరికీ తెలిసిపోతుంది! అంచేత ఊరిని కూడా దాచాలి. 2015-16, 2019-21 సర్వేలలో ఊరు ఎక్కడుందో తెలిపే గుర్తును బయటికి ఇచ్చేముందు కావాలనే పక్కకు జరిపారు. పల్లెలయితే 5 కిలోమీటర్ల దాకా, నూటికి ఒక పల్లెను 10 కిలోమీటర్ల దాకా జరుపుతారు. ఆ పటం చూసి మీ ఊరిని ఎవరూ పట్టుకోలేరు.

రక్తపు చుక్క సంగతి

కొన్ని సర్వేలలో వేలి కొసన సూదితో గుచ్చి రక్తం తీస్తారు. రక్తం తక్కువగా ఉందేమో అక్కడికక్కడే చూసి మీకు చెబుతారు. మరీ తక్కువయితే ఆసుపత్రికి వెళ్ళమంటారు. 2005-06లో, 2015-16లో హెచ్.ఐ.వి. పరీక్ష కోసం కాగితం మీద ఆరబెట్టిన రక్తపు చుక్కలు కూడా తీసుకున్నారు. ఆ కాగితం మీద పేరు లేదు, గీతల చీటీ మాత్రమే ఉంది. ఎవరి రక్తమో తెలియకుండా చేశారు కాబట్టి ఫలితం ఇచ్చినవారికి కూడా చెప్పలేదు. "నా రక్తం, నాకే చెప్పరా?" అని కోపం రావచ్చు. తెలుసుకోదలచినవారికి ఉచితంగా పరీక్ష చేసే కేంద్రం వేరే ఉంటుంది. అక్కడికి మీరు మీ ఇష్టంతో వెళ్ళవచ్చు.

చట్టం మీ వైపుంది

మన ఆంతరంగిక విషయాలను మనలోనే ఉంచుకోవటం ప్రాథమిక హక్కు అని 2017లో సుప్రీం కోర్టులో 9 మంది న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. హెచ్.ఐ.వి. విషయంలో 2017లో ప్రత్యేక చట్టం వచ్చింది. గర్భస్రావం చేయించుకున్న స్త్రీ పేరు, వివరాలు చట్టప్రకారం అధికారం లేనివారికి డాక్టరు చెబితే ఏడాది దాకా జైలు శిక్ష పడవచ్చు. ఇది 2021లో చేసిన సవరణ. మనుషుల మీద జరిపే ఆరోగ్య పరిశోధనలకు భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన మార్గసూత్రాలున్నాయి. పాల్గొన్నవారి వివరాలు గుట్టుగా ఉంచాలని అవి స్పష్టంగా చెబుతున్నాయి.

మీరు అడగవలసినవి

ఎవరైనా సర్వే అనో, పరిశోధన అనో వస్తే మొహమాటపడకుండా ఇవి అడగండి.

1. మీరెవరు? ఎవరు పంపారు? గుర్తింపు కార్డు ఏది?
2. ఇది దేని కోసం? నేను చెప్పింది ఎవరు చూస్తారు?
3. నా పేరు ఎక్కడ రాస్తారు? ఎక్కడ తీసేస్తారు?
4. ఇష్టం లేని ప్రశ్నకు జవాబు మానేయవచ్చా? మధ్యలో వద్దనవచ్చా?
5. తేడా వస్తే ఎవరికి చెప్పుకోవాలి?

వద్దనే హక్కు మీకు ఎప్పుడూ ఉంది. వద్దన్నారని ఈ కేంద్రంలో మీకు మందు ఆపటం, కాన్పు చూడకపోవటం జరగదు. చదువు రానివారు వేలిముద్ర వేసేముందు కాగితం పూర్తిగా చదివించుకోండి. పక్కన మీకు నమ్మకమున్న సాక్షి ఉండాలి. కుటుంబ నియంత్రణ సర్వేకు మీ బ్యాంకు ఖాతా నంబరుతోను, ఫోనుకు వచ్చే ఓటీపీతోను పనిలేదు. అవి అడిగితే మోసమని తెలుసుకొని, మన ఆశా కార్యకర్తకు గాని, నర్సమ్మకు గాని వెంటనే చెప్పండి.

మనం చేయవలసింది

గుట్టు కాపాడటం సర్వేవారి ఒక్కరి పని కాదు. అన్నయ్యలారా, మీ ఇంటావిడను అడుగుతుంటే కాసేపు పెరట్లోకి వెళ్ళండి. తరువాత "ఏం చెప్పావు?" అని నిలదీయకండి. అత్తలారా, అరగంట సేపు ఆ బియ్యం చేట పక్కింటి అరుగు మీదికి తీసుకెళ్ళండి! ఇరుగుపొరుగువారూ ఆరా తీయకండి.

మా వంతు కూడా చెబుతాను. మీకు వైద్యం చేయాలి కాబట్టి ఈ కేంద్రం రిజిస్టరులో మీ పేర్లుంటాయి. ఆ రిజిస్టరు బల్ల మీద తెరిచి ఉండకూడదు. ఆపరేషను చేయించుకున్నవారి పేర్లు గోడకు అంటించకూడదు. "ఫలానా ఆమె ఏం వేయించుకుంది?" అని ఎవరడిగినా మా నోటి నుంచి రాకూడదు. ఎప్పుడైనా మావాళ్ళు తప్పితే నా దగ్గరికి వచ్చి అడగండి. అడిగే హక్కు మీకుంది.

ఎందరు పిల్లలు, ఎప్పుడు కావాలి అన్నది మీ ఇద్దరి నిర్ణయం. ఆ మాట ఎవరికి చెప్పాలన్నదీ మీ నిర్ణయమే. చెప్పదలచుకుంటే నిజం చెప్పండి, ఇష్టం లేకపోతే వద్దని చెప్పండి. రెండింటికీ మీకు గౌరవం ఉంటుంది.